పక్వతావాద ఖండనము

వెనుకబడిన సీమకు విశ్వవిద్యాలయమెందుకు, ముందు పల్లెపల్లెకు బడి రావలెను, బడికి పంతులు రావలెను, బడులు నిండిన పిమ్మట హైస్కూళ్లు, అవి నిండిన పిమ్మట కళాశాలలు, అన్నియు నిండి పొర్లిన నాడు కదా విశ్వవిద్యాలయపు మాట, అని వాదించుట నేడు వివేకమునకు గుర్తుగా చెల్లుబాటగుచున్నది. శాసనసభలలో ఈ మాటయే వినవచ్చును, పత్రికలలో ఈ మాటయే కానవచ్చును. మా చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురముల చదువుకొన్నవారు సైతము, తమ బిడ్డలను పెద్దచదువులకై బెంగళూరు పంపుచునే, ఈ మాటకు తలయూపుదురు. అంతటితో ఆగక వీరు చరిత్రను కూడ సాక్ష్యమునకు పిలుతురు. 1916లో మైసూరు సంస్థానము విశ్వవిద్యాలయమును నెలకొల్పుట ఒక మహారాజు ప్రతిష్ఠాకాంక్షకును, ఒక దివాను తొందరపాటునకును ఫలమనియు, అక్షరము ముక్క రాని రైతుల పన్నుతో కొందరు పట్టణవాసులకు కట్టించిన మేడయనియు వీరి తీర్పు. ప్రజలు పక్వమైనగాని పెద్ద విద్య తగదను ఈ వాదమును పక్వతావాదమని వ్యవహరింతును. ఇది పేదల పక్షమున నిలిచిన దానివలె కనిపించును గనుక దీనిని కాదనుటకు మంచివారు జంకుదురు. కాని దీని పుట్టుపూర్వోత్తరములను వెదకిన కొలదియు, ఇది పేదల పక్షమున ఏనాడును పుట్టలేదనియు, ఇచ్చుటకు మనసులేని అధికారము కాలయాపనకై కల్పించుకొన్న సాకుగా పుట్టి నేటికిని అట్లే బ్రతుకుచున్నదనియు స్పష్టపడును.

1845లో కలకత్తాలోని విద్యామండలి, లండను విశ్వవిద్యాలయము మాదిరిగా అచ్చట ఒకదానిని స్థాపింపవలెనని ప్రణాళిక రచించి ఇంగ్లండునకు పంపగా, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు దానికింకను కాలము రాలేదని త్రోసిపుచ్చిరి. 1854లో చార్లెస్ వుడ్ పేర వచ్చిన విద్యాశాసనపత్రము కాలము వచ్చినదని ప్రకటించినది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో మూడు విశ్వవిద్యాలయములు వెలసినవి. ఆ నిరాకరణకును ఈ ప్రకటనకును నడుమ గడచిన తొమ్మిదేండ్లలో వంగదేశపు పల్లెలలో బడులు నిండి పొర్లినవా? ప్రజలు హఠాత్తుగా పక్వమైరా? అట్టిదేమియు జరుగలేదు. ప్రభుత్వమునకు అవసరము కలిగినది. కచేరీలకు, న్యాయస్థానములకు, రెవిన్యూశాఖకు ఇంగ్లీషు చదివినవారు వందలుగా కావలసివచ్చిరి. ఆ పని తీరుటకు పరీక్ష పెట్టి పట్టా ఇచ్చు సంస్థ యున్న చాలును గనుకనే ఆ మూడును బోధనాలయములుగా గాక పరీక్షాలయములుగా జన్మించినవి. 1882లో లాహోరున పంజాబు విశ్వవిద్యాలయము, 1887లో అలహాబాదు విశ్వవిద్యాలయము వచ్చిన పిదప దాదాపు మూడు దశాబ్దములు క్రొత్తది ఒక్కటియు లేకపోయెను. ప్రభుత్వము కోరినప్పుడు పక్వమగుచు, ప్రజలు కోరినప్పుడు మరల పచ్చియగుచుండు జాతి లోకమున ఎచ్చటనైన నుండునా?

ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము మన బెంగళూరులోనే కలదు. జంషెడ్జీ తాతా తన ఆస్తిలో పెద్ద భాగమును ధారపోసి పరిశోధనకై ఒక ఉన్నత విద్యాపీఠము నెలకొల్పదలచి, ఆ పనికై యేర్పడిన సంఘము ద్వారా 1898 డిసెంబరు 31వ తేదీన, క్రొత్త వైస్రాయిగా అపుడే ఈ దేశమున దిగిన కర్జన్ ప్రభువునకు ప్రణాళికను సమర్పింపజేసెను. దానికి తగిన విద్యార్థులు ఈ దేశమున దొరకుదురా, దొరకినను చదివిన పిమ్మట వారికి ఉద్యోగములేవి, అని ఆయన సందేహించెను. ఈ దేశమున పూర్తిగా ఒక వారమైన గడపని మనుష్యుడు ఈ దేశపు యువకుల బుద్ధిబలమును కొలిచి తక్కువయని తేల్చుట గమనింపదగినది. విమర్శలలో, ఉత్తర ప్రత్యుత్తరములలో పదేండ్లకు పైగా గడచిపోయినవి. తాతా 1904లో కన్నుమూసెను. అనుమతిపత్రము 1909లో వచ్చినది. మైసూరు ప్రభుత్వమిచ్చిన 371 ఎకరముల భూమిలో 1911లో మొదటి విద్యార్థులు చేరిరి. విద్యార్థులు దొరకకపోయిరా? ఇరవైయేండ్లు గడచిన పిదప అదే విద్యాపీఠమునకు సి.వి. రామన్ అధిపతియై వచ్చెను. కర్జన్ నాడు అడిగిన రెండు ప్రశ్నలను నేడు మన మంత్రులు, మన అధికారులు, మన సంపాదకులు తమ సొంతమైనవిగా భావించి అడుగుచున్నారు. అవి ఎవరి నోట పుట్టినవో తెలిసిన నాడు వాటిని మరల పలుకుటకు సంకోచము కలుగవలెను.

పక్వతావాదులు దీనికిచ్చు ప్రత్యుత్తరము నెరుగుదును. కర్జన్ ఉద్దేశ్యమెట్టిదైనను ప్రాథమిక విద్య ముందు రావలెనను సూత్రము సత్యమే కదా, అందురు. మంచిది, ఆ సూత్రమును వల్లించిన ప్రభుత్వము దానిని ఎట్లు పాటించెనో చూతము. 1911 మార్చిలో గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్యకై సామ్రాజ్య శాసనసభలో బిల్లును ప్రవేశపెట్టెను. అది దుస్సాధ్యమైన కోరిక కాదు. స్థానిక సంస్థలు తమకు వీలైనచోట, క్రమక్రమముగా, బాలురకు మొదలుపెట్టి నిర్బంధమును అమలుపరచవచ్చునని మాత్రమే అది చెప్పినది. విశ్వవిద్యాలయములు తరువాత, బడులు ముందు, అని నిజముగా నమ్మిన ప్రభుత్వమైనచో ఆ బిల్లును చేతులెత్తి స్వాగతింపవలసినది. 1912 మార్చిలో 13 ఓట్లకు ఎదురుగా 38 ఓట్లతో దానిని ఓడించిరి. కారణమేమని యడిగిన, ప్రజలు నిర్బంధవిద్యకు ఇంకను సిద్ధముగా లేరట! విశ్వవిద్యాలయమునకు పక్వముకాని ప్రజలు అక్షరాభ్యాసమునకును పక్వము కాకపోయిరి. ఇక వారు దేనికి పక్వమై యుండిరి? కోలారు నేల నుండి బంగారము తీయుటకు మాత్రము ఈ సీమ పక్వమేనని 1880 దశాబ్దిలోనే తేల్చుకొన్నారు. జాన్ టెయిలర్ కంపెనీ ఆధ్వర్యమున గనులు లోతుకు పోయినవి. 1902లో కావేరిపై శివసముద్రము నుండి దాదాపు నూరు మైళ్ల దూరము తీగలు లాగి ఆ గనులకు విద్యుత్తు నిచ్చిరి. ఇంత దూరము విద్యుత్తును పంపుట ఈ దేశమున అంతకుముందెన్నడును జరుగలేదు. చుట్టుపట్ల పల్లెలు ఆముదపు దీపముతో బ్రతుకుచున్న దినములలో, ముందు పల్లెలకు దీపము, తరువాత గనులకు, అని ఎవరును క్రమమును బోధింపలేదు. క్రమమును, సహనమును, మెట్లు మెట్లుగా ఎక్కుటను బోధించునది విద్య విషయమున మాత్రమే.

ఇపుడు 1916 సంగతి. మైసూరు సంస్థానము పేరునకు రాజ్యమైనను 1831 నుండి 1881 వరకు ఏబదియేండ్లు ఆంగ్ల కమిషనర్ల పాలనలో నుండి, తిరిగి ఒడెయరు వంశమునకు అప్పగింపబడిన పిదప కూడ బ్రిటిషు రెసిడెంటు కనుసన్నల మెలగవలసిన పరాధీన రాజ్యము. దాని రెండు పెద్ద కళాశాలలు, బెంగళూరు సెంట్రల్ కళాశాలయు మైసూరు మహారాజా కళాశాలయు, మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. అనగా ఏమి చదువవలెనో, ఏ పుస్తకమును చదువవలెనో, ఎవరు తప్పిరో ఎవరు నెగ్గిరో నిర్ణయించు అధికారము ఈ రాజ్యపు సరిహద్దులకు వెలుపల నుండెను. చిక్కబళ్లాపురము బడిలో చదివి, బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చేరి, 1881లో మద్రాసు పట్టా పుచ్చుకొన్న ముద్దేనహళ్లి కుఱ్ఱవాడు ఈ పరాధీనతను స్వానుభవమున నెరిగినవాడు. ఆ మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1912లో దివాను పదవికి వచ్చినపుడు చేసిన వాదము మిక్కిలి సరళమైనది: కెనడాలో, ఆస్ట్రేలియాలో పది లక్షలకు మించని జనమునకే విశ్వవిద్యాలయములున్నవి, అరువది లక్షలకు చేరువలోనున్న మైసూరు ప్రజలకు ఒక్కటి ఏల యుండరాదు? గమనింపుడు, ఆయన పక్వతను గూర్చి వాదించుటకు నిరాకరించెను. మా ప్రజలు పక్వమైనారు చూడుడని ఋజువులు చూపి ప్రాధేయపడలేదు. ఆ దేశములవారిని ఏ పరీక్షయు పెట్టక ఇచ్చిన దానిని మమ్మేల పరీక్షించి ఇవ్వవలెను, అని అడిగెను. ఈ ప్రశ్నకు పక్వతావాదుల యొద్ద నాడును సమాధానము లేదు, నేడును లేదు.

ఆ యోచన తొందరపాటుతో జరిగినదను నింద కూడ నిలువదు. ప్రపంచమున ఉన్నత విద్య ఎట్లు నడచుచున్నదో తెలిసికొనుటకు మహారాజా కళాశాలకు చెందిన ఇరువురు, కట్టమంచి రామలింగారెడ్డియు తామస్ డెన్హామును, నియుక్తులైరి. పరిశోధనకు ప్రసిద్ధమైన షికాగోను, రాష్ట్రమందలి రైతులకు, పనివారికి సైతము తన విజ్ఞానమును అందింప బూనిన విస్కాన్సిన్‌ను, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలను పరిశీలించి, ఏది మన నేలకు తగునో తర్కించిన పిమ్మటనే 1916 జూలైలో చట్టము వచ్చినది. నాలుగవ కృష్ణరాజ ఒడెయరు కులపతి, హెచ్.వి. నంజుండయ్య మొదటి ఉపకులపతి. బ్రిటిషు ఇండియాకు వెలుపల, దేశీయ సంస్థానమున వెలసిన మొదటి విశ్వవిద్యాలయమిది. రెండేండ్లకు హైదరాబాదున ఉస్మానియా వెలసినది.

ఇక, విశ్వవిద్యాలయము బడుల నోటి కూటిని లాగుకొన్నదను అభియోగము. ఈ అభియోగము చేయువారు 1913ను ఏల మరతురో నాకు బోధపడదు. గోఖలే బిల్లు ఓడిన మరుసటి యేడే, బరోడా చూపిన దారిని అనుసరించి, మైసూరు నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టము చేసినది. విశ్వేశ్వరయ్య దివానుగానున్న ఆరేండ్లలో సంస్థానపు బడులు సుమారు 4,500 నుండి 10,500కు, బడి పిల్లలు 1,40,000 నుండి 3,66,000కు పెరిగిరి. విశ్వవిద్యాలయమునకు కాలము రాలేదన్న బ్రిటిషు ప్రభుత్వము బడిని కూడ నిరాకరించినది. విశ్వవిద్యాలయమును నెలకొల్పిన ప్రభుత్వమే బడులను రెట్టింపునకు మించి పెంచినది. రెండింటిలో ఒకటి కోరుకొమ్మని ప్రజల నడుగుట ఆ రెంటిని ఇవ్వదలచనివారి పద్ధతి. మరియొక విషయము: విశ్వవిద్యాలయమును గూర్చి దేశదేశములు తిరిగిన రామలింగారెడ్డియే 1918 నుండి సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలై పల్లెబడుల పాలనమును వహించెను. ఒకే మనుష్యుని మనస్సున సుఖముగా కలసియున్న రెండు కార్యములు వీరి వాదమున మాత్రము ఒకదాని గొంతు ఒకటి పట్టుకొనునట్లు కనబడుచున్నవి.

అసలు పై విద్య లేక క్రింది విద్య యెట్లు నిలుచును? జీవనది లేని మా సీమలో చెరువులు గొలుసుకట్టుగా నుండును; పై చెరువు నిండి మరువ పారిననే క్రింది చెరువునకు నీరు; పై చెరువును పూడ్చి ఆ ఖర్చుతో క్రింది చెరువును నింపుదునని ఎవడైన ననిన, నీరుకట్టు పని చేయు నిరక్షరాస్యుడు సైతము వానిని వెఱ్ఱివానిగా చూచును. బడికి పంతులు కావలెను. పంతులుకు చదువు చెప్పినవాడు కావలెను. వానికి పుస్తకము కావలెను. పుస్తకము వ్రాయుటకు ఆ శాస్త్రమును స్వయముగా మథించినవాడు కావలెను. వీరిలో ఏ ఒక్కరును ఆకాశమునుండి ఊడిపడరు. మద్రాసున తయారైన పంతులుతో, లండనున తయారైన పుస్తకముతో బడి నడుపుదుమన్న అది నడువకపోదు; కాని ఆ బడిలో చదివిన బిడ్డకు తన యూరి చెరువును గూర్చి, తన యింటి భాషను గూర్చి, తన తాతల చరిత్రను గూర్చి ఒక్క వాక్యమైనను తెలియదు.

ఇచట మా ఊరు కైవారమువారే లేవనెత్తు ఒక ఆక్షేపణ కలదు. గాజుల మలారము మోసి బ్రతికిన బలిజ కులస్థుడు, మేమందరము తాతయ్యయని పిలుచు నారేయణ యోగీంద్రుడు, ఏ విశ్వవిద్యాలయమున చదివి తెలుగున, కన్నడమున అన్ని తత్త్వములు పాడెను? ముళబాగిలున పుట్టిన కన్నడ కవి డి.వి. గుండప్పకు ఏ పట్టా యున్నది? మహాత్ములకు విద్యాలయములతో పనియేమి? భక్తితో పలికిన మాట గనుక భక్తితోనే బదులు చెప్పవలెను. తాతయ్యను కన్న నేల మరి యెందరు తాతయ్యలను కనియు దక్కించుకొనలేక పోయినదో ఎవరు చెప్పగలరు? మహాత్ముడు ఏ నేలనైన, ఏ కష్టమునైన చీల్చుకొని పైకి వచ్చును. అది అతని మహత్త్వము. ఆ మహత్త్వమును సాకుగా చూపి తక్కిన బిడ్డలందరిని ఆ కష్టముననే విడిచివేయుట న్యాయము కాదు. మరియు భజనగోష్ఠుల నోట నిలిచిన వాక్కునకు సైతము తాళపత్రములను సేకరించి, పాఠభేదములను పోల్చి, శాస్త్రీయముగా పరిష్కరించు పండితుడు కావలెను. కౌటిలీయ అర్థశాస్త్రము లోకమునకు దక్కినది ఎట్లు? మైసూరు ప్రాచ్యపుస్తక భాండాగారమునకు చేరిన ఒక తాళపత్ర ప్రతిని ఆర్. శామశాస్త్రి గుర్తించి చదివి 1909లో ప్రకటించుటచేతనే. ఆ భాండాగారమే తరువాత విశ్వవిద్యాలయమున అంగమైనది. భక్తి గ్రంథమును పూజింపగలదు; దానిని చెదల నుండి, అపపాఠముల నుండి రక్షించుటకు విద్వత్తు కావలెను.

తెలుగు మాటాడుచు కన్నడ రాజ్యమున జీవించు మా వంటివారికి ఈ విషయమున మరొక ఋణము కలదు. అనంతపురము సీమవాడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1912లో, కట్టమంచివారి ప్రోత్సాహమున, మహారాజా కళాశాలలో తెలుగు పండితుడుగా చేరి 1949 వరకు అక్కడనే బోధించెను. కన్నడ దేశపు రాజధానీనగరమున తెలుగునకు అట్టి గౌరవపీఠము దొరకినది. కట్టమంచివారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపకులపతియైరి. 1918 నుండి 1921 వరకు మైసూరున తత్త్వశాస్త్రము బోధించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో వారి తరువాత ఆ పదవికి వచ్చెను. మైసూరున పొందిన అనుభవము ఇట్లు ఆంధ్రదేశమునకు ప్రవహించినది. ఐనను ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్రమునుండి మనము నేర్వవలసిన చేదు పాఠమును దాచను: మద్రాసు శాసనసభలో ఎ.పి. పాత్రో తెచ్చిన బిల్లు చట్టమైన పిమ్మట, అది బెజవాడలో నుండవలెనా, విశాఖలో నుండవలెనా, అనంతపురమున నుండవలెనా యను కలహమున ఏండ్లు గడచినవి. రాయలసీమ కళాశాలలకు చివరకు మద్రాసే దిక్కైనది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వచ్చుటకు 1954 వరకు ఆగవలసివచ్చినది. అచట పక్వతను ప్రశ్నించినవారికంటె స్థలమునకై పోరాడినవారే ఎక్కువ నష్టము చేసిరి.

పక్వతావాదుల మాటలలో సత్యమైన దొక్కటి కలదు, దానిని మనఃపూర్వకముగా అంగీకరింతును. మైసూరు విశ్వవిద్యాలయము మా పల్లెలకు చాలాకాలము అందలేదు. కైవారమునుండి మైసూరు ఎంత దూరము! బెంగళూరున గది అద్దె కట్టలేని రైతుబిడ్డకు సెంట్రల్ కళాశాలయు దూరమే. కాని ఈ సత్యము నుండి ఏ సిద్ధాంతము తేలును? విశ్వవిద్యాలయము వద్దని తేలునా, దగ్గరకు రావలెనని తేలునా? గౌరిబిదనూరు తాలూకా హొసూరున 1920లో పేదయింట పుట్టిన హెచ్. నరసింహయ్య, బస్సు చార్జీకి డబ్బులేక కాలినడకన బెంగళూరు చేరి, నేషనల్ హైస్కూలున చదివి, సెంట్రల్ కళాశాలలో, అనగా మైసూరు విశ్వవిద్యాలయమున, భౌతికశాస్త్ర పట్టభద్రుడయ్యెను. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున అణుభౌతికమున డాక్టరేటు పొందెను. 1972లో బెంగళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియయ్యెను. ఆయన పూనికతో గౌరిబిదనూరున, బాగేపల్లిలో నేషనల్ కళాశాలలు వెలసినవి. తాను నడచిన దూరమును తరువాతివారు నడువనక్కర లేకుండునట్లు చేయుట ఆయన చదువునకు ఫలము. పక్వతావాదుల లెక్కలలో ఈ ఫలమునకు పద్దు లేదు. వారు ఒక విశ్వవిద్యాలయపు ఖర్చును ఆ యేటి పట్టభద్రుల సంఖ్యతో భాగించి, ఇంత ఖరీదా యని నివ్వెరపోవుదురు. చింతామణిలో పట్టుపరిశ్రమకై వ్యవసాయ విశ్వవిద్యాలయము ఒక కళాశాలను నడుపుచున్నది. మల్బరీ తోటలకు, పురుగులు గూళ్లు కట్టు చంద్రికలకు, శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టునకు నడుమ అట్టిది యుండుటచేత పట్టా లేని రైతునకు కలుగు లాభమును ఏ పద్దున వ్రాయుదురు?

1964లో బెంగళూరు విశ్వవిద్యాలయము వచ్చినది. 2017లో దానిని విభజింపగా కోలారు కేంద్రముగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయము మా జిల్లాలకు దక్కినది. నూరేండ్లు పట్టినది. ఇంతలో 2025 ఫిబ్రవరిలో కర్ణాటక మంత్రివర్గ ఉపసంఘము, అంతకు కొంతకాలము ముందే నెలకొల్పిన పదింటిలో తొమ్మిది విశ్వవిద్యాలయములను మూసివేయవచ్చునని అభిప్రాయపడినది. వాటిలో చామరాజనగరము, కొడగు, కొప్పళములవి కలవు. ధనము చాలదు, భూమి చాలదు, అధ్యాపకులు లేరు, విద్యార్థులు తక్కువ, అని కారణములు. ఈ కారణములు అసత్యములని నేననను. భూమి, ధనము, అధ్యాపకులు లేక విశ్వవిద్యాలయమును ప్రకటించుట తప్పే. కాని భూమి ఇవ్వవలసినదెవరు, అధ్యాపకులను నియమింపవలసినదెవరు? ఇవ్వవలసినవారు ఇవ్వక, లేదన్న కారణమున మూసివేయుట, బిడ్డకు అన్నము పెట్టక బలహీనుడని ఇంటినుండి వెడలగొట్టుటయే.

ఈ విషయమున ప్రభుత్వము ఆలోచన చేయరాదని నా మతము కాదు; మైసూరువారు చేసినట్లు తీవ్రముగా చేయవలెను. కాని అడుగవలసిన ప్రశ్నలు వేరు. చింతామణి తాలూకా గ్రామమునుండి ఉదయము బయలుదేరిన ఆడపిల్ల చీకటి పడకముందు ఇల్లు చేరునంత దగ్గరలో ఏ చదువు దొరకును? ఇంట తెలుగు, బడిలో కన్నడము, పై చదువున ఇంగ్లీషు అయిన విద్యార్థికి ఆ మూడింటి నడుమ వంతెన కట్టువారెవరు? కోలారు, చిక్కబళ్లాపురము జిల్లాల విశ్వవిద్యాలయమున తెలుగు శాఖ కలదా, లేనిచో ఏల లేదు? ఫ్లోరైడు కలిసిన లోతుబోరు నీటిని, ఎండిన చెరువులను, పట్టుపురుగు తెగుళ్లను శోధించు ప్రయోగశాల ఏ యూర నుండవలెను, దానికి ఏటేట ఎంత సొమ్ము నిలకడగా ఇత్తురు? ఎన్ని అధ్యాపక పదవులు ఖాళీగా నున్నవి, వాటిని ఏ తేదీలోపల పూరింతురు? ఈ ప్రశ్నలకు లిఖితపూర్వకముగా సమాధానము కోరుటకు మా తాలూకాల శాసనసభ్యులకు హక్కు కలదు. కోరునట్లు చేయుట మా బాధ్యత.